హారాలు కలవని భిన్నాలను కూడేదెలా?

అన్నదమ్ముల పంపకాల్లో ఒక రైతుకి రెండు చోట్ల భూమి వచ్చిందనుకుందాం. ఎకరం చెలకను ఎనిమిది భాగాలు చేస్తే అందులో మూడు, చెరువు కింద ఎకరం మడిని ఐదు భాగాలు చేస్తే అందులో రెండు. అంటే 3/8 ఎకరం, 2/5 ఎకరం. రెండూ కలిపి ఎంత?

తెలంగాణ పల్లెల్లో ఈ లెక్కకి కాగితం అక్కర్లేదు. ఎకరానికి నలభై గుంటలు. చెలకలో ఒక్కో భాగం ఐదు గుంటలు కాబట్టి మూడు భాగాలకి పదిహేను. మడిలో ఒక్కో భాగం ఎనిమిది గుంటలు కాబట్టి రెండు భాగాలకి పదహారు. మొత్తం 31 గుంటలు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అన్న మాట ఎత్తకుండానే లెక్క అయిపోయింది. దాన్నే బడి భాషలో రాస్తే ఇలా ఉంటుంది:

3/8 + 2/5 = 15/40 + 16/40 = 31/40

ఇదే లెక్క ఆరో తరగతి పిల్లలకి కొరకరాని కొయ్య అవుతుంది. కారణం పద్ధతి కష్టమైనది కావడం కాదు. గుంటలేమిటో చెప్పకుండా నేరుగా నలభైతో గుణించమంటాం. ఆ నలభై ఎక్కణ్నుంచి వచ్చిందో, అదే ఎందుకు కావలసి వచ్చిందో తెలియని పిల్లలు పద్ధతిని బట్టీ పట్టి, పరీక్ష అవగానే మరిచిపోతారు. కాబట్టి ఈ కూడికను దాని తయారీ క్రమంలోనే, ఒక్కో పని ఎందుకు చేస్తున్నామో చెప్పుకుంటూ చేద్దాం.

ముందుగా, చేయకూడని పని ఒకటి చూద్దాం. చాలామంది పిల్లలు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేస్తారు. 3కి 2 కలిపితే 5, 8కి 5 కలిపితే 13, జవాబు 5/13. తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేస్తే పిల్లలకి ఒరిగేదేమీ లేదు. ఆ జవాబును గుంటల్లోకి మార్చమనండి. నలభై గుంటల్లో 5/13 అంటే పదిహేనున్నర గుంటలు కూడా కాదు. మడి ఒక్కటే పదహారు గుంటలున్నప్పుడు, దానికి చెలక కూడా కలిపాక భూమి తగ్గిపోయింది! సున్నా కంటే పెద్దవైన ఏ రెండు వేర్వేరు భిన్నాల్ని ఇలా కూడినా వచ్చే ఫలితం ఆ రెండింటి మధ్యలోనే ఉంటుంది, పెద్ద భిన్నాన్ని ఎన్నడూ దాటదు. కూడాక వచ్చింది కూడినవాటిలో ఒకదానికంటే చిన్నదైతే, అది కూడిక కాదని పిల్లలకే తెలిసిపోతుంది.

పిల్లలు ఇలా చేయడానికి కారణం కూడా ఉంది. వాళ్ల ప్రోగ్రెస్ కార్డులో ఇలాంటి కూడికే రోజూ కనిపిస్తుంది. ఒక స్లిప్ టెస్టులో 20కి 15, ఇంకోదాంట్లో 30కి 20 వస్తే, మొత్తం 50కి 35 అని టీచరే రాస్తారు. అది నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ అక్కడ కూడుతున్నది మార్కుల్ని, భిన్నాల్ని కాదు. 15/20 అంటే ముప్పావు, 20/30 అంటే మూడింట రెండు వంతులు. ఈ రెండు భిన్నాల్నీ నిజంగా కూడితే ఒకటికి మించి 17/12 వస్తుంది. 35/50 మాత్రం ఒకటిలోపే, ఆ రెండింటి నడుమే ఆగిపోయింది. ఈ తేడాను ఒక్కసారి విప్పి చెప్పకపోతే, పిల్లల దృష్టిలో టీచర్ ఒకచోట ఒప్పు అన్నదాన్నే ఇంకోచోట తప్పు అంటున్నట్టు ఉంటుంది. పాఠ్యపుస్తకాలు ఈ ఊసు ఎత్తకపోవడం నాకు లోపంగానే తోస్తుంది.

ఇక తయారీలోకి వద్దాం.

మొట్టమొదటి పని అంచనా. పెన్ను కాగితం మీద పెట్టకముందే జవాబు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. 3/8 సగానికి కొంచెం తక్కువ (సగమంటే 4/8). 2/5 కూడా సగానికి తక్కువే. కాబట్టి మొత్తం ఒకటి దాటదు. 2/5 మాత్రం 3/8 కంటే కాస్త పెద్దది, అందువల్ల మొత్తం రెండు 3/8ల కంటే, అంటే ముప్పావు కంటే ఎక్కువే ఉండాలి. జవాబు ముప్పావుకీ ఒకటికీ మధ్య. ఈ పని అరనిమిషంలో అయిపోతుంది, తర్వాత జరిగే తప్పుల్లో చాలావాటిని ఇదే పట్టిస్తుంది. అయినా దీనికి మార్కులుండవు కనక ఎవరూ చేయించరు.

రెండో పని, అసలు పని, ఉమ్మడి హారాన్ని ఎంచుకోవడం. ఇక్కడే నిదానంగా ఉండాలి.

గుంటలు ఎందుకు పనికొచ్చాయి? నలభైని ఎనిమిదీ భాగిస్తుంది, ఐదూ భాగిస్తుంది కాబట్టి. అదే రైతు ఆంధ్ర వైపు ఉండి సెంట్లలో లెక్కేస్తే? ఎకరానికి వంద సెంట్లు. మడి సరిగ్గా నలభై సెంట్లు వస్తుంది కానీ, చెలక ముప్పై ఏడున్నర అవుతుంది. వందను ఎనిమిది నిశ్శేషంగా భాగించదు, అందుకే ఆ అర మిగిలింది. మొత్తం డెబ్బై ఏడున్నర సెంట్లన్నది సరైన జవాబే అయినా, భిన్నాన్ని వదిలించుకుందామని సెంట్లలోకి వెళ్తే ఇంకో భిన్నం వెంటబడింది.

గుంటలకీ ఇలాంటి పరిమితి ఉంది. మూడో వంతు ఎకరం అంటే పదమూడు గుంటలు, పైన ఇంకో మూడో వంతు గుంట. పాత రూపాయిదీ ఇదే బాధ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు. పావలాకి బేడ కలపడం అణాల్లో నోటిలెక్క: నాలుగూ రెండూ ఆరణాలు, అంటే 1/4 + 1/8 = 6/16, అదే 3/8. రూపాయిలో మూడో వంతు కావాలంటే మాత్రం అణాలు లొంగవు, పైలదాకా దిగాలి. రూపాయికి 192 పైలు, అందులో మూడో వంతు 64. దానికి పావలా, అంటే 48 పైలు కలిపితే 112 పైలు. తొమ్మిదణాల నాలుగు పైలు. భిన్నంగా చూస్తే 7/12.

భూమికీ డబ్బుకీ ఎవరో ముందే ప్రమాణాలు ఏర్పాటు చేసి పెట్టారు. కాగితం మీద భిన్నాలకి అలాంటి ఏర్పాటు లేదు, ప్రతి లెక్కకీ సరిపడే ప్రమాణాన్ని మనమే తయారుచేసుకోవాలి. ఆ ప్రమాణమే ఉమ్మడి హారం. ఎంత చిన్న ముక్కలుగా కోస్తే రెండు భిన్నాలూ పూర్ణసంఖ్యలో ముక్కలుగా వస్తాయన్నదే వెతకాల్సిన విషయం.

వెతకడానికి ముందు రెండు హారాల మధ్య చుట్టరికం ఏమిటో చూడండి. ఒక హారం రెండోదాన్ని నిశ్శేషంగా భాగిస్తే వెతుకులాటే లేదు, పెద్దదే ఉమ్మడి హారం. 3/4 + 5/8లో నాలుగు ఎనిమిదిని భాగిస్తుంది, కాబట్టి ముప్పావును 6/8 అని రాసుకుంటే చాలు, మొత్తం 11/8. ఇలాంటిచోట కూడా 4ను 8తో గుణించి 32 తెచ్చే పిల్లలు ఉంటారు. తప్పు కాదు, వృథా శ్రమ.

హారాలకి ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఏదీ లేకపోతే రెండింటినీ గుణించడమే దారి. 1/3 + 2/5లో ఉమ్మడి హారం 15. 5/15 + 6/15 = 11/15. మన చెలక, మడి లెక్క కూడా ఈ కోవదే, ఎనిమిదైదులు నలభై.

కాస్త ఆలోచించాల్సింది మూడో రకానికే: ఒకటి రెండోదాన్ని భాగించదు, కానీ ఉమ్మడి కారణాంకం ఉంది. 5/12 + 7/18 తీసుకుందాం. అంచనా ముందు: రెండూ సగానికి కొద్దిగా తక్కువ, మొత్తం ఒకటి లోపే. ఇప్పుడు 12, 18ల క.సా.గు. కావాలి. బడిలో నేర్పే భాగహార పద్ధతిలో 12, 18 పక్కపక్కన రాసి, రెండుతో భాగిస్తే 6, 9. మూడుతో భాగిస్తే 2, 3. ఇక ఉమ్మడిగా భాగించేది లేదు. పక్కన రాసిన 2, 3, కింద మిగిలిన 2, 3 అన్నీ గుణిస్తే 36.

చిన్న సంఖ్యలకి ఈ నిచ్చెన కూడా నాకు దండగ అనిపిస్తుంది. పెద్ద హారం ఎక్కం చదువుతూ పోండి. 18 ఒకట్ల 18, పన్నెండుతో భాగం పోదు. 18 రెళ్లు 36, పోతుంది. అయిపోయింది. పెద్ద సంఖ్య ఎక్కమే చదవాలి, చిన్నదాని ఎక్కమైతే ఎక్కువ మెట్లు ఎక్కాలి. మూడు నాలుగు మెట్లలో తేలకపోతే అప్పుడు భాగహార పద్ధతికి వెళ్లొచ్చు.

భిన్నాల కూడికకు క.సా.గు. వాడడం మనకు కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో క.సా.గు.ను నిరుద్ధం అనే పేరుతో నిర్వచించి, భిన్నాల హారాలను సమం చేయడానికి వాడాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. తెలుగులో వచ్చిన తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి.

మూడో పని, మార్పిడి. 36ను 12తో భాగిస్తే 3 వచ్చింది. అంటే పన్నెండో వంతు ముక్క ఒక్కొక్కటీ మూడు ముక్కలవుతుంది. మన దగ్గర అలాంటివి ఐదున్నాయి కాబట్టి పదిహేను ముక్కలు: 5/12 = 15/36. అలాగే 36ను 18తో భాగిస్తే 2, ఏడు ముక్కలు పద్నాలుగవుతాయి: 7/18 = 14/36. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణించాలన్న నియమానికి అర్థం ఇంతే. ముక్కల సైజు మూడో వంతుకి తగ్గింది, ముక్కల సంఖ్య మూడింతలైంది, ఉన్న భూమి అంతే ఉంది.

ఈ దశలో తరచూ జరిగే తప్పు హారాన్ని మార్చి లవాన్ని మరిచిపోవడం. 5/36 + 7/36 = 12/36, అంటే 1/3 అని రాసేస్తారు. చూడ్డానికి జవాబు ఎంతో చక్కగా ఉంటుంది, చక్కగా కొట్టేసింది కూడా! మూడో వంతు 12/36, మొదటి భిన్నం ఒక్కటే 15/36 అని గమనిస్తే బండారం బయటపడుతుంది.

గళ్ల నోట్‌బుక్కు ఉంటే ఈ మార్పిడిని కళ్లారా చూపించవచ్చు. ఎనిమిది గళ్ల పొడవు, ఐదు గళ్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రాలు రెండు గీయండి. మొదటిదాంట్లో ఎనిమిది నిలువు వరసల్లో మూడింటికి రంగు వేస్తే అది 3/8. రెండోదాంట్లో ఐదు అడ్డు వరసల్లో రెండింటికి వేస్తే అది 2/5. ఇప్పుడు రంగు గళ్లు లెక్కపెట్టమనండి: పదిహేను, పదహారు. ఒక్కో బొమ్మలో మొత్తం గళ్లు నలభై. ఒకే బొమ్మలో రెండు రంగులూ వేస్తే కొన్ని గళ్లు రెండుసార్లు రంగు పడి లెక్క చెడుతుంది, అందుకే రెండు బొమ్మలు. పుస్తకాల్లో వేసే గుండ్రటి బొమ్మలు ఈ పనికి రావు. వృత్తాన్ని ఐదు సమభాగాలు చేయడం పెద్దవాళ్లకే కష్టం, నలభై భాగాల మాట చెప్పక్కర్లేదు.

నాలుగో పని అన్నిటికంటే తేలిక. హారం అలాగే ఉంచి లవాలు కూడాలి. 15/36 + 14/36 = 29/36. ఇక్కడ హారాలు ఎందుకు కూడమని పిల్లలు అడిగితే, పదిహేను గుంటలూ పదహారు గుంటలూ కలిపితే ముప్పై ఒక్క గుంటలే కదా, గుంట సైజు పెరగదు కదా అని చెబితే సరిపోతుంది.

ఐదోది, జవాబును కనిష్ఠ రూపంలోకి తేవడం. పుస్తకాలు అంతగా చెప్పని కిటుకు ఒకటి ఇక్కడ ఉంది. మొదట ఇచ్చిన రెండు భిన్నాలూ కనిష్ఠ రూపంలోనే ఉండి, మనం క.సా.గు.నే హారంగా తీసుకుంటే, చివర్లో కొట్టివేతకి అవకాశం ఉండేది రెండు హారాలకీ ఉమ్మడిగా ఉన్న కారణాంకాలకే. 12, 18లకి ఉమ్మడిగా ఉన్నవి 2, 3. కాబట్టి 29ని రెండుతో, మూడుతో మాత్రమే పరీక్షిస్తే చాలు. రెంటికీ పోదు, 29/36 ఖాయం. 1/6 + 3/10 చూడండి. ఉమ్మడి హారం 30, 5/30 + 9/30 = 14/30. ఆరుకీ పదికీ ఉమ్మడిగా ఉన్నది రెండు ఒక్కటే, పద్నాలుగు రెండుకి పోతుంది, జవాబు 7/15. హారాలకి ఉమ్మడి కారణాంకమే లేనిచోట, 1/3 + 2/5 లాంటి లెక్కల్లో, కొట్టివేత కోసం వెతకనే అక్కర్లేదు. 11/15 అని రాసి ముందుకు వెళ్లిపోవచ్చు.

ట్యూషన్లలో అడ్డంగా గుణించే పద్ధతి ఒకటి నేర్పుతారు. మొదటి లవాన్ని రెండో హారంతో, రెండో లవాన్ని మొదటి హారంతో గుణించి కూడి, హారాల లబ్ధం కింద వేయడం. ఎప్పుడైనా సరైన జవాబే ఇస్తుంది. హారాలకి ఉమ్మడి కారణాంకం లేనప్పుడు అది మనం చేసిన పనే, వేరే ఏమీ కాదు. కానీ 5/12 + 7/18ని అలా చేస్తే 90 + 84 = 174, కింద 216. అప్పుడు 174/216ని ఆరుతో కొట్టేసి 29/36కి రావాలి. క.సా.గు. దగ్గర తప్పించుకున్న పని కొట్టివేత దగ్గర రెట్టింపై కూర్చుంటుంది. మూడు భిన్నాలున్నప్పుడైతే ఈ దారిలో వెళ్లకపోవడమే మేలు.

మిశ్రమ భిన్నాల సంగతి. 2 3/4 + 1 5/8 అనగానే వాటిని అపక్రమ భిన్నాలుగా మార్చి 11/4 + 13/8 చేయమంటారు. అలా చేసినా వస్తుంది. పూర్ణాంకాల్ని విడిగా, భిన్నాల్ని విడిగా కూడడం మాత్రం సహజంగా ఉంటుంది. తెలంగాణలో పాస్‌బుక్ చదివేవాళ్లు చేసేది అదే. రెండు ముప్పావు ఎకరాలను 2-30 అని, ఒకటీ ఐదు ఎనిమిదో వంతుల ఎకరాన్ని 1-25 అని రాస్తారు. ఎకరాలు కూడితే మూడు, గుంటలు కూడితే యాభై ఐదు. నలభై గుంటలు ఒక ఎకరమై అటు చేరితే మిగిలింది పదిహేను. మొత్తం 4-15, అంటే 4 3/8 ఎకరాలు. భిన్నాల్లోనూ అంతే: 6/8 + 5/8 = 11/8, అందులో ఒకటి పూర్ణాంకాల వైపు వెళ్తుంది, 3/8 మిగులుతుంది. ఈ అంకెల్ని 2.30, 1.25 అని కాలిక్యులేటర్లో కొట్టేవాళ్లకి 3.55 వస్తుంది. దాన్ని మూడు ఎకరాల యాభై ఐదు గుంటలని చదివి నలభై తీసేస్తే ఫర్వాలేదు, మూడున్నర ఎకరాల పైచిలుకు అనుకుంటే ముప్పావు ఎకరానికి పైగా గల్లంతు.

మూడు భిన్నాలకి పద్ధతి మారదు, మూడు హారాలకీ కలిపి ఒకే క.సా.గు. చూడాలి. దీనికి పదిహేడు ఒంటెల కథ కంటే మంచి లెక్క లేదు. ఊరూరా రకరకాలుగా చెప్పుకునే కథ ఇది, కొన్నిచోట్ల ఒంటెల బదులు ఏనుగులుంటాయి. తండ్రి పోతూ పోతూ పదిహేడు ఒంటెల్లో పెద్దవాడికి సగం, నడిపివాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు అని చెప్పాడు. పదిహేడు రెండుకీ పోదు, మూడుకీ పోదు, తొమ్మిదికీ పోదు. ఒక పెద్దమనిషి తన ఒంటెను తెచ్చి కలిపాడు, పద్దెనిమిదయ్యాయి. తొమ్మిది, ఆరు, రెండు పంచితే పదిహేడే అయ్యాయి, ఆయన తన ఒంటెను తోలుకుపోయాడు.

మాయ ఎక్కడుందో కూడికే చెబుతుంది. 2, 3, 9ల క.సా.గు. 18.

1/2 + 1/3 + 1/9 = 9/18 + 6/18 + 2/18 = 17/18

తండ్రి చెప్పిన వాటాలన్నీ కలిపినా ఒకటి కాదు. పద్దెనిమిదో వంతు ఎవరికీ చెందకుండా వదిలేశాడు. మాట ప్రకారమే పంచితే పెద్దవాడికి ఎనిమిదిన్నర ఒంటెలే రావాలి, తొమ్మిది వచ్చాయి. మిగతా ఇద్దరికీ వాళ్ల వంతు కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. ఎవరికీ చెందని భాగాన్ని ముగ్గురూ అదే నిష్పత్తిలో పంచుకున్నారు కాబట్టి తగాదా రాలేదు. పెద్దమనిషి తెచ్చిన ఒంటె ఉమ్మడి హారాన్ని కళ్ల ముందు నిలబెట్టింది, అంతే.

తీసివేతకి వేరే పాఠం అక్కర్లేదు. హారాల్ని సమం చేసేదాకా అంతా ఇదే, ఆఖర్న కూడే బదులు తీసేయడమే. జవాబు సరిచూసుకోవడానికి కూడా అదే పనికొస్తుంది: 29/36లోంచి 15/36 తీస్తే 14/36, అంటే 7/18 తిరిగి రావాలి.

ఇంట్లో ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లలుంటే ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి: 1/4 + 1/6 + 1/9. ముందు అంచనా అడగండి, సగం దాటుతుందా లేదా అని. తర్వాత హారం ఏమి ఎంచుకుంటారో చూడండి. 36 ఎంచుకుంటే 9, 6, 4 కలిసి 19/36 వస్తుంది. మూడు హారాల్నీ గుణించి 216 తెచ్చి, 114/216 అని రాసినా తప్పు వేయకండి. ఆరుతో కొట్టేయమనండి, అదే 19/36 వస్తుంది.